తాయెత్తులో ఊపిరి

డాక్టర్ వైదేహి బల్ల మీద పరిచిన కాగితం చీర అంచంత పొడవుంది. దాని మీద ఎడమ నుంచి కుడికి ఒక నీలం గీత నడిచి పోయింది. మొదట్లో చిన్న చిన్న అలలు. ఆ తర్వాత కొంతదూరం సాఫీగా సాగి, ఒకచోట గభాలున కిందికి దిగిపోయింది. అడుగున పాకి పాకి, మళ్ళీ మెల్లగా పైకి లేచి చివరిదాకా వచ్చింది.

"ఇది ఆరో నెల," అంది వైదేహి, గీత దిగిపోయిన చోట వేలు పెట్టి. "ఇక్కడ కడుపులో బిడ్డకి ప్రాణవాయువు సరిగా అందలేదు. ఆ రోజుల్లో ఏం జరిగిందో గుర్తుందా చంద్రకళగారూ?"

చంద్రకళ కాగితం వంక చూసింది. పక్కన భర్త ఏడుకొండలు కుర్చీ అంచు మీదికి జరిగి కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఐదున్నరేళ్ళ హరిణి గోడకున్న ఫ్యాను రెగ్యులేటరు తిప్పుతూ, ఫ్యాను ఎలా మోగితే అలా నోటితో మోగుతోంది.

"గుర్తు లేదండీ," అంది చంద్రకళ.

"జ్వరం? ఆయాసం? పొగ పట్టిన గదిలో ఎక్కువసేపు ఉండటం? రక్తం తక్కువైందని ఎవరైనా చెప్పారా?"

"లేదండీ. ఏం లేదు."

"తొందరేం లేదు. ఆలోచించండి."

ఆమె ఆలోచించింది. ఎంత ఆలోచించినా హరిణి కడుపులో ఉన్న ఆరో నెల ఆమెకు తెల్లటి గోడలా కనిపించింది. దాని మీద ఏ మరకా లేదు.

బిడ్డ బొడ్డు ఊడి పడ్డాక, ఆ ఎండిన ముక్కని వెండి తాయెత్తులో పెట్టి లక్కతో మూసి మొలతాడుకి కట్టడం ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆ ముక్కలో తల్లి నెత్తురు మోసుకొచ్చిన ఊపిరి గుర్తులు వారం వారంగా మిగిలి ఉంటాయని కనిపెట్టినవాళ్ళు, వాటిని చదివే యంత్రాన్ని తెచ్చి ఏలూరు దారిలో పెట్టారు. బొడ్డుముక్కలు ఇంత భద్రంగా దాచుకునే జనం ఇంకెక్కడ దొరుకుతారని వైదేహి మొదటిరోజే నవ్వుతూ అంది. యంత్రం గీసేది శ్వాసరేఖ. ఏ వారంలో లోటు పడిందో తెలిస్తే, ఆ వారంలో కట్టుబడే అవయవానికే వెళ్ళి పనిచేసేలా ఒక మందు తయారుచేస్తారు. దానికి పూరకం అని పేరు. ఆరేళ్ళు నిండేలోపు, జన్మకి ఒక్కసారే ఇవ్వాలి.

"ఆరో నెలలో ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. మెదడులో మాటకి దారులు పడతాయి," అంది వైదేహి. "మీ పాపకి మాట రాకపోవడానికి ఇది సరిపోయే కారణమే. పూరకం ఈ రేఖని బట్టి కలుపుతాం. పై సోమవారం ఇద్దాం."

"లోటు లేనిచోట మందు పడితేనో?" అన్నాడు ఏడుకొండలు.

వైదేహి గీత మీంచి వేలు తీసింది. "అలా పడకూడదనే రేఖ తీసేది. బాగున్న చోట ఇస్తే కణాలు ఆగకుండా పెరుగుతాయి. వెనక్కి తీసుకోలేం. మీకు ఆ భయం అక్కర్లేదు. బొడ్డు ముక్క పాతది కాబట్టి పూర్తి జన్యుపరీక్షకి లొంగలేదు గానీ, తల్లి వైపు గుర్తులు దొరికాయి. అది చంద్రకళగారి బిడ్డదే. అందులో అనుమానం లేదు."

ఖాళీ తాయెత్తుని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చింది. లోపలి ముక్క యంత్రం ద్రవంలో కరిగిపోయింది. అది ముందే చెప్పారు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇంట్లో అత్తగారు సామ్రాజ్యానికి మాత్రం, దాన్ని ఫొటో తీసి తిరిగిచ్చేస్తారని చెప్పారు. ఆ అబద్ధం ఏడుకొండలుదే. తల్లితో వాదించే ఓపిక అతనికి లేదు.

కైకలూరు బస్సులో హరిణి తల్లి ఒళ్ళో కూర్చుని, అలవాటుగా నడుం దగ్గర తాయెత్తు కోసం తడుముకుంది. ఏదైనా అర్థం కానప్పుడు దాన్ని పట్టుకుని కూర్చోవడం ఆ పిల్లకి అలవాటు. దొరక్కపోయేసరికి తల్లి మొహంలోకి చూసింది.

"ఇంటికెళ్ళాక కడతా," అంది చంద్రకళ.

"కడతా," అంది హరిణి. ఎవరేమన్నా అందులో చివరి మాట తిరిగి చెప్పడమే ఆ పిల్ల మాటలు. ప్రశ్నలు లేవు, కబుర్లు లేవు. శబ్దాలైతే మాత్రం ఏదీ వదలదు. మోటారు బండి, పంపుసెట్టు, సోడా గ్యాసు, అన్నీ అచ్చం దింపేస్తుంది.

బస్సుకి రెండు పక్కలా చెరువులు వెనక్కి పోతున్నాయి. నీళ్ళ మీద ఏరియేటర్ల చక్రాలు తెల్లగా నురుగు చిమ్ముతున్నాయి. ఏడుకొండలు వాటిని చూపించి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ డాక్టరమ్మ చెప్పేది నాకు బానే అర్థమైందే. కరెంటు పోయి చక్రాలు ఆగిపోయినప్పుడు చూడట్లా? నీళ్ళలో గాలి పడిపోద్ది, రొయ్యంతా పైకి తేలి నోళ్ళు తెరుస్తది. కొంత చచ్చిపోద్ది. మిగిలింది బతుకుద్ది గానీ, ఎంత మేతేసినా ఎదగదు. ఇదీ అంతే."

"నా కడుపు చెరువా?"

"అయ్యో, నేనట్టా అన్నానా!"

"మరెట్టా అన్నావు?"

అతను చెరువుల వైపు చూస్తూ, "గుర్తు తెచ్చుకోవే. ఏదో జరిగే ఉంటది. మిషను ఊరికే గీయదుగా," అన్నాడు.

ఊళ్ళో ఆ మాట ఆగలేదు. ఆరో నెలలో ఏం చేశావని ఆమెను అడగనివాళ్ళు లేరు. తోడికోడలు, గ్రహణం నాడు కత్తిపీట పట్టుకున్నావేమో చూసుకో అంది. పక్కింటావిడ, కట్టెలపొయ్యి మీద పప్పు వండే సరదా నీకే కదా ఉండేది అంది. చంద్రకళ అంగన్‌వాడీ నడుపుతుంది. ఊళ్ళో గర్భిణులకి ఐరన్ బిళ్ళలు పంచి, వేసుకున్నారా లేదా అని ఇంటింటికీ తిరిగి నోరు తెరిపించి చూసే మనిషి. ఆ వారం బిళ్ళలు తీసుకోవడానికొచ్చిన ఒక కొత్తకోడలు, నెలలు నిండబోతున్నది, కొంగు చాటున నవ్వు దాచుకుంటూ అడిగింది.

"మాకు ఇన్ని జాగర్తలు చెబుతావు గదా ఆంటీ, నువ్వు వేసుకోలేదా ఏంటి?"

"వేసుకున్నానమ్మా," అంది చంద్రకళ. అన్నాక తనకే అనుమానం వచ్చింది. వేసుకుందా?

ఆమెకి బాగా గుర్తున్న ఆరో నెల ఒకటుంది. అది హరిణిది కాదు. అంతకుముందు పుట్టిన నందుది. ఆ ఏడు కొల్లేరు పొంగి రోడ్లన్నీ మునిగాయి. తనకి నిమ్ము చేసింది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. వాకిట్లో మోకాలి లోతు నీళ్ళు. ఆసుపత్రికి పోవడానికి పడవ వచ్చేదాకా, అత్తగారు వీపు వెనక తన వీపు ఆనించి దిండులా కూర్చుంది. గాలి కోసం తను ఎగబీలుస్తుంటే, వెనక ఆ ముసలి వీపు కూడా అలాగే లేచి పడడం తెలిసింది.

నందు పుట్టాడు. ఏడాది నిండకుండా, ఒక జలుబు రొమ్ములోకి దిగి పోయాడు. తడిగుడ్డలతో పాలిచ్చిందనీ, అందుకే పిల్లాడికి జలుబు చేసిందనీ, ఆ రోజు చుట్టాల్లో ఎవరో అన్నారు. ఎవరన్నారో ఆమె మర్చిపోయింది. మాట మర్చిపోలేదు.

హరిణి కడుపున పడ్డాక పుట్టింటివాళ్ళు గుడివాడ తీసుకెళ్ళి కాలు కింద పెట్టనివ్వలేదు. రోజూ వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి అంకె చూసేవాళ్ళు. ఎప్పుడు చూసినా అంకె నిండుగానే ఉండేది. అయినా యంత్రం గీసింది. మరి ఏది నిజం? ఆ క్లిప్పు పాడైందేమో. తను పడుకున్న గదిలో గాలి ఆడలేదేమో. లేకపోతే నందు కడుపులో ఉన్నప్పటి నిమ్ము తన ఒంట్లోనే ఉండిపోయి, మూడేళ్ళ తర్వాత ఈ పిల్లకి తగిలిందా? అలా తగులుతుందా? గీత దిగిపోయిన చోటు తలుచుకోగానే, వీపు వెనక అత్తగారి వీపు తెలిసేది. ఏ కడుపు ఏదో, ఏ ఏడు ఏదో కలగాపులగమైపోయి, తను చెయ్యని తప్పేదో తనకి గుర్తొస్తున్నట్టే ఉండేది.

శుక్రవారం మళ్ళీ కేంద్రానికి రమ్మన్నారు. రేఖని ఇంకోసారి సరిచూసుకోవడానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. కంటికి అందని చిన్న తేడాలు చెవికి అందుతాయని, గీతని శబ్దంగా మార్చి వింటారు. వైదేహి మీట నొక్కగానే గదిలో ఒక సన్నటి హోరు లేచింది. శంఖాన్ని చెవికి ఆనించుకుంటే వినిపించే హోరులాంటిది. పైకి లేస్తూ, పడుతూ, లేస్తూ వచ్చింది. ఒకచోట కిందికి, ఇంకా కిందికి దిగిపోయి, ఉందో లేదో తెలియనంతగా అయిపోయింది. చంద్రకళ తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. తర్వాత అడుగు నుంచి సన్నగా మళ్ళీ మొదలైంది.

"చూశారా, ఎలా తేరుకుందో," అంది వైదేహి. "గట్టి బిడ్డ."

హరిణి రెగ్యులేటరు వదిలేసి, హోరు వస్తున్న స్పీకరు పెట్టె దగ్గరికొచ్చి నిలబడింది. దాని మీద రెండు చేతులూ ఆనించి, అయిపోయేదాకా కదల్లేదు. ఆ పిల్ల ఒక శబ్దాన్ని వెంటనే తిరిగి పలకకపోవడం చంద్రకళ అదే మొదటిసారి చూడటం.

సోమవారం పొద్దున ప్రయాణానికి హరిణికి తలంటుతుంటే సామ్రాజ్యం వచ్చి పీట లాక్కుని కూర్చుంది. ఆమె మనవరాలిని హరిణి అని ఏనాడూ పిలవలేదు. పుల్లమ్మ అంటుంది. పురుడు రోజున పిల్లని చేటలో పెట్టి పెంట మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, ఆవిడ దగ్గర చారెడు తవుడికి తిరిగి కొనుక్కున్నది కూడా సామ్రాజ్యమే. ఒక బిడ్డ పోయిన ఇంట్లో, తర్వాతి బిడ్డ మీద మృత్యువు కన్ను పడకూడదని అలాంటివి చేస్తారు. చంద్రకళ అడ్డు చెప్పలేదు.

"పుల్లమ్మ మొల బోసిగా ఉందేంటే చంద్రా? ఫొటో తీసి ఇచ్చేస్తామన్నారుగా?"

"ఇచ్చారత్తయ్యా. అలమార్లో ఉంది. పసుపుతాడు కొత్తది తేవాలి."

"నా దగ్గరుందిలే." ఆమె లేచి వెళ్ళి తాయెత్తు తెచ్చి, వెలుతురుకి పెట్టి చూసింది. ఊపింది. చిటికెనవేలు లోపల పెట్టింది. "ఇందులోది ఏదీ?"

చంద్రకళ చెంబు కింద పెట్టింది.

"దాన్ని కరిగించి చూడాలంటత్తయ్యా. మీరు బాధపడతారని చెప్పలేదు. పాప కోసమే కదా..."

"కరిగించారా?"

"అవును."

సామ్రాజ్యం నిలబడ్డచోటే గోడ పట్టుకుని జారి కూర్చుంది. "అయ్యో, వాడిది అదొక్కటే గదే మిగిలింది. అది కూడా పోగొట్టారా? నందుగాడిది... నా బాబుది..."

ఏడుకొండలు వీధిలోంచి లోపలికొచ్చాడు. "ఏందమ్మా, నందుదేంటి?"

సామ్రాజ్యం చాలాసేపు ఏడ్చి, ఆ తర్వాత చెప్పింది. నందుని పూడ్చేముందు మొలతాడు తెంపి, కాలవలో కలిపెయ్యమని చంద్రకళ ఆమె చేతిలో పెట్టింది. ఆమె కలపలేదు. హరిణి బొడ్డు ఊడిపడ్డ రోజున గుడివాడ వెళ్ళి, నందు తాయెత్తునే ఈ పిల్ల మొలకి కట్టింది.

"ఎందుకు?" అంది చంద్రకళ.

"ఎందుకేంటే! మిత్తి మళ్ళీ ఈ గడపకొస్తది గదా. పిల్ల మొల తడిమి చూస్తది. ఇదేదో మనం ముందే తీసుకుపోయినోడిదే, రెండోసారి ఎట్టా తీసుకుపోతాం అని తిరిగి పోద్ది. ఒక్క దగ్గు లేకుండా ఇంతదయిందా లేదా, నువ్వే చెప్పు!"

హరిణి ఒంటి నిండా నురుగుతో నిలబడి ముగ్గురినీ చూస్తోంది.

"మరి దీని బొడ్డు ఏం చేశావే అమ్మా?" అన్నాడు ఏడుకొండలు.

"ఇంకో తాయెత్తులో పెట్టి వాడి పక్కన పూడ్చా. అక్కడ కూడా లెక్క సరిపోవాలి గదరా. ఇద్దరూ వచ్చేశారనుకోవాలి అది."

"మిత్తిని ఏమార్చబోయి మమ్మల్ని ఏమార్చావు గదే! కాసేపుంటే ఆ సూది ఏసేసేవాళ్ళు దీనికి!"

"సూదేంటి? ఎవరు చెప్పారు నాకు? ఫొటో అన్నావు నువ్వు!"

అతను వెళ్ళి గుమ్మం మీద కూర్చున్నాడు.

చంద్రకళ చెంబెడు నీళ్ళు హరిణి నెత్తిన పోసింది. ఇంకో చెంబు పోసింది. ఆ పిల్ల వీపు రుద్దుతూ ఉండిపోయింది. ఆ గీత నందుది. ఆ గుంట కొల్లేరు పొంగిన వారానిది. పుట్టకముందే అంత లోతుకి వెళ్ళి, తేరుకుని, పుట్టి, పదకొండు నెలలు నవ్వినవాడిది. సాయంత్రానికి అదే కొలతతో కలిపిన మందు ఈ పిల్ల ఒంట్లో పడేది. అయినా ఆ భయం కింద ఇంకేదో ఉంది. దానికి పేరు ఆమెకి తెలియలేదు. సంతోషం అనడానికి సిగ్గుగా ఉంది.

వైదేహికి ఫోన్లో చెబితే సరిపోయేది. చంద్రకళ వెళ్ళింది. హరిణినీ, అత్తగారినీ కూడా తీసుకెళ్ళింది.

వైదేహి అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న సీసా తీసి, దాని మీది కాగితం చింపి, సింకులో ఒంపేసింది. నీళ్ళు చాలాసేపు వదిలింది.

"తల్లి గుర్తులు సరిపోయాయి కదా అని అక్కడితో ఆగిపోయాను," అంది. "ఇద్దరికీ తల్లి మీరే."

"నా అబ్బాయి..." అని చంద్రకళ ఆగి, మాట వెతుక్కుంది. "రొమ్ము జలుబుతో పోయాడండీ. నేను తడిగుడ్డలతో పాలివ్వడం వల్ల అన్నారు. ఈ గీత చూస్తే మీకేమనిపిస్తుంది?"

వైదేహి కాగితం మళ్ళీ పరిచింది. "ఊపిరితిత్తులు విచ్చుకునే వారాలు ఇవి. ఇంత లోటు పడితే అవి చిన్నగా ఉండిపోతాయి. మామూలు జలుబు కూడా తట్టుకోలేవు. తడిగుడ్డలకీ దీనికీ సంబంధం లేదమ్మా. వరదలో మీరు గానీ, మరొకరు గానీ చేయగలిగింది కూడా ఏం లేదు."

సామ్రాజ్యం తల తిప్పి కోడలి మొహం చూసింది. తడిగుడ్డల మాట అన్నది ఎవరో చంద్రకళకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ముసలి కళ్ళు వాలిపోయాయి. చంద్రకళ కుర్చీ కొద్దిగా జరిపి ఆమెకి దగ్గరగా కూర్చుంది. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి.

"మరి పుల్లమ్మకి?" అని అడిగింది సామ్రాజ్యం.

"పాప బొడ్డుముక్క దొరికితే చదవొచ్చు. పూడ్చిన చోటు గుర్తుందా?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లల్ని పూడ్చే ఆ గట్టు ఎప్పుడో పోయింది. రెండేళ్ళ కిందట పొక్లెయిన్లు వచ్చి గట్టూ గుట్టా కలిపి తవ్వేసి నీళ్ళు వదిలారు. ఊళ్ళో కొందరు అరిచారు, కొన్నాళ్ళకి ఊరుకున్నారు. ఇప్పుడక్కడ రొయ్యల చెరువు.

"దొరకదండీ," అంది చంద్రకళ.

"అయితే పాప విషయంలో నేనేం చెప్పలేను. లోటు ఉందో లేదో తెలియదు. ఉంటే ఎక్కడుందో తెలియదు. ఆలస్యంగా మాట్లాడే పిల్లలు బోలెడుమంది ఉంటారు. మాట నేర్పేవాళ్ళ దగ్గరికి పంపండి. నా దగ్గర మందు లేదు."

చంద్రకళ తలూపింది. ఆమెకి ఏడుపు రాలేదు, ఊరటా కలగలేదు. వారం రోజులుగా ఈ పిల్లకి ఏమైందో తెలుసనుకుంది. ఇప్పుడు మళ్ళీ తెలియదు. లేవబోతూ కాగితం మీద చెయ్యి వేసింది.

"ఇది మీకు పనికిరాదు కదండీ. నాకివ్వండి. మా వాడిది."

వైదేహి దాన్ని జాగ్రత్తగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఇచ్చింది.

సాయంత్రం ఊరి మలుపులో బస్సు దిగాక, చంద్రకళ ఇంటి దారి పట్టలేదు. నందుని పూడ్చాక ఆమె ఒక్కసారి కూడా నడవని దారిలో నడిచింది. సామ్రాజ్యం ఏమీ అడక్కుండా వెంట వచ్చింది. చెరువు గట్టు మీద ముగ్గురూ నిలబడ్డారు. ఏరియేటర్లు పెద్ద శబ్దంతో నీళ్ళని చిలుకుతూ, అడుగుదాకా గాలి దింపుతున్నాయి.

"ఎక్కడత్తయ్యా?"

"అదిగో, ఆ రెండో చక్రం కింద అనుకుంటా. సరిగ్గా తెలవట్లా నాకు."

హరిణి నడుం తడుముకుంది. చంద్రకళ కొంగుముడి విప్పి ఖాళీ తాయెత్తు తీసి, అత్తగారి చేతిలో పెట్టింది. సామ్రాజ్యం కొత్త పసుపుతాడుకి దాన్ని గుచ్చి, వంగి, మనవరాలి మొలకి కట్టింది. "ఇందులో ఏం లేదే తల్లీ," అంది ముడి వేస్తూ.

"తల్లీ," అంది హరిణి. తాయెత్తు వేళ్ళతో పట్టుకుంది.

అంతలో కరెంటు పోయింది. చక్రాలు ఒక్కొక్కటిగా నెమ్మదించి ఆగాయి. ఎక్కడో ఒక మనిషి జనరేటరు వైపు పరిగెడుతూ ఎవర్నో కేకేశాడు. నురుగు చెదిరి నీళ్ళు నున్నగా అయ్యాయి. ఆ నిశ్శబ్దంలో హరిణి మొదలుపెట్టింది.

మొదట సన్నటి హోరు. లేస్తూ, పడుతూ, లేస్తూ. చంద్రకళకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. శుక్రవారం పెట్టె మీద చేతులాన్చి విన్నదాన్ని, ఆ పిల్ల ఈ మూడు రోజులూ లోపలే దాచుకుంది. ఒక్క అల కూడా తప్పలేదు. గొంతు దిగింది, ఇంకా దిగింది, చివరికి వినపడలేదు. పెదవులు మాత్రం తెరిచే ఉన్నాయి. సామ్రాజ్యం కోడలి చెయ్యి పట్టుకుంది.

చంద్రకళ నీళ్ళ వంక చూడలేదు. కూతురి మొహం మీదే కళ్ళు పెట్టి, ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది.

హరిణి గాలి పీల్చుకుని, అడుగు నుంచి మళ్ళీ అందుకుంది.